ఇంజను ఊపిరి

మోటారు కారును నడిపే శక్తి అంతా పెట్రోలులో ఉన్నదని సామాన్యంగా అనుకుంటారు. ఇది సగమే నిజం. పెట్రోలు మండాలంటే గాలి కావాలి. ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి దాదాపు 15 కిలోగ్రాముల గాలి అవసరం. ఘనపరిమాణంలో చెప్పుకుంటే, ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9000 లీటర్ల గాలి కావాలన్న మాట. ద్రవరూపంలో ఉన్న పెట్రోలును కావలసినంత చిమ్మటం సులభం. దానికి తగిన గాలిని, రెప్పపాటులో ఇరవయ్యో వంతు కూడా లేని కాలంలో, సిలిండరులోకి చేర్చటమే కష్టం. కాబట్టి ఒక ఇంజను ఎంత శక్తిని ఇవ్వగలదన్నది చాలావరకు అది ఎంత గాలి పీల్చగలదన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

ఈ గాలిని ఎప్పుడు, ఎంతసేపు, ఎంత వెడల్పయిన ద్వారం గుండా పీల్చాలో నిర్ణయించే అవయవం కామ్‌షాఫ్టు. చూడటానికి అది అక్కడక్కడ ఉబ్బులున్న ఉక్కు కడ్డీ మాత్రమే. కాని ఆ ఉబ్బుల ఆకారం కోసం ఇంజనీర్లు నూరు సంవత్సరాలకు పైగా తర్కించారు, ప్రయోగాలు చేశారు, పందాలు ఓడిపోయారు, గెలిచారు. మొదట పెద్ద సిలిండరు ఉంటే చాలునన్నారు. తరువాత పెద్ద ద్వారం ఉంటే చాలునన్నారు. ద్వారం పరిమాణం, అది తెరచి ఉండే కాలం, దాని గుండా పోయే గాలివేగం అనే మూడూ ఒకదానితో ఒకటి పొసగితేనే ఫలితం ఉంటుందని తెలియటానికి చాలాకాలం పట్టింది.

తిత్తి నుండి కామ్ వరకు

1876లో జర్మనీ దేశంలో నికొలాస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజనును నిర్మించాడు. ఇందులో పిస్టను మొదటిసారి క్రిందికి దిగినప్పుడు గాలి, ఇంధనం కలిసిన మిశ్రమం సిలిండరులోకి వస్తుంది. పైకి లేచినప్పుడు ఆ మిశ్రమం నొక్కబడుతుంది. మంట అంటుకొనగానే పిస్టను బలంగా క్రిందికి నెట్టబడుతుంది. మళ్ళీ పైకి వచ్చినప్పుడు కాలిన వాయువులు బయటికి పోతాయి. మిశ్రమం లోపలికి వచ్చే దారికి ప్రవేశ కవాటం, వాయువులు బయటికి పోయే దారికి నిర్గమ కవాటం తలుపుల వంటివి. మెకానిక్కులు వీటినే ఇన్లెట్ వాల్వు, ఎగ్జాస్టు వాల్వు అంటారు.

తొలినాటి కారు ఇంజన్లు చాలావాటిలో ప్రవేశ కవాటాన్ని తెరిచే యంత్రాంగమే లేదు. కమ్మరి కొలిమితిత్తిని చూచినవారికి దీని కిటుకు వెంటనే బోధపడుతుంది. తిత్తిని సాగదీయగానే లోపలి తోలు తలుపు తనంత తానే తెరుచుకొని గాలిని రానిస్తుంది, నొక్కగానే మూసుకుంటుంది. అట్లాగే పిస్టను క్రిందికి దిగినప్పుడు కలిగే పీల్పుకు ఒక బలహీనమైన స్ప్రింగు లొంగి, కవాటం తెరుచుకొనేది. నెమ్మదిగా తిరిగే ఇంజనుకు ఈ ఏర్పాటు సరిపోయింది. వేగం పెరిగేకొద్దీ కవాటం ఆలస్యంగా తెరుచుకోవటం, గడగడ కొట్టుకోవటం మొదలైనది. పైగా గాలి తన శక్తిలో కొంత స్ప్రింగును తోయటానికే ఖర్చుచేయవలసి వచ్చేది.

ఇరవయ్యో శతాబ్ది మొదటి సంవత్సరాలలో ప్రవేశ కవాటాన్ని కూడా, నిర్గమ కవాటం వలెనే, కామ్‌తో తెరిపించటం వాడుకలోకి వచ్చింది. కామ్ అంటే ఒక ప్రక్క ఉబ్బిన చక్రం. అడ్డంగా చూస్తే కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. అది తిరుగుతూ ఉబ్బు భాగం వచ్చినప్పుడు టాపెట్‌ను నెట్టి కవాటాన్ని తెరుస్తుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు దానిని మూస్తుంది. నాలుగు స్ట్రోకులకు క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. ఒక్కొక్క కవాటం ఒకసారే తెరుచుకోవాలి. అందుచేత కామ్‌షాఫ్టును క్రాంకుషాఫ్టు వేగంలో సరిగ్గా సగం వేగంతో తిప్పుతారు.

అయిదు మిల్లీసెకన్ల సమస్య

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక చుట్టుకు పట్టే కాలం 10 మిల్లీసెకన్లు, అనగా సెకనులో నూరోవంతు. పిస్టను పైనుండి క్రిందికి దిగటానికి పట్టేది అందులో సగం, అయిదు మిల్లీసెకన్లు. రెండు లీటర్ల ఇంజను ఆ వేగంలో తన సామర్థ్యం మేరకు నిండుతున్నదంటే, సెకనుకు 100 లీటర్ల గాలి పీలుస్తున్నదన్న మాట.

అయిదు మిల్లీసెకన్లలో కవాటం మూసిన స్థితి నుండి పూర్తిగా తెరుచుకొని, తిరిగి మూసుకోవాలంటే సాధ్యం కాదు. కాబట్టి పిస్టను పైకొసకు రాకముందే ప్రవేశ కవాటాన్ని తెరవటం మొదలుపెడతారు. అది క్రిందికొసను దాటి పైకి లేవటం మొదలయిన తరువాత గాని పూర్తిగా మూయరు. పిస్టను పైకి వస్తుంటే లోపలి గాలి వెనక్కి పోదా అన్న సందేహం కలుగుతుంది. ప్రవహించే కాలువ తూమును ఒక్కసారిగా మూస్తే నీరు ఆగదు, తూము తలుపును ఢీకొని పైకి ఎగజిమ్ముతుంది. వేగంగా వచ్చే గాలికి కూడా అదే జడత్వం ఉన్నది. పిస్టను ఎదురు వచ్చినా ఆ గాలి కొంతసేపు తన ఊపుతో లోపలికి దూసుకొని వస్తూనే ఉంటుంది. ఆ ఊపు అయిపోయే క్షణానికి కవాటం మూసుకుంటే సిలిండరు నిండుగా నిండుతుంది.

కామ్‌ను ఎన్నుకోవటంలోని చిక్కు అంతా ఆ క్షణాన్ని కనుక్కోవటంలోనే ఉన్నది. రోడ్డుమీద నెమ్మదిగా నడిచే కారులో ప్రవేశ కవాటం పైకొసకు 10 డిగ్రీల ముందు తెరుచుకొని, క్రిందికొసకు 50 డిగ్రీల తరువాత మూసుకుంటున్నదనుకుందాం. మొత్తం 240 డిగ్రీలు. పందెపు ఇంజనులో 50 డిగ్రీల ముందు తెరుచుకొని, 80 డిగ్రీల తరువాత మూసుకుంటే 310 డిగ్రీలు. 6000 చుట్ల వద్ద మొదటి కవాటానికి 6.7 మిల్లీసెకన్లు, రెండవ దానికి 8.6 మిల్లీసెకన్లు దొరుకుతాయి. అధిక వేగంలో రెండవది స్పష్టంగా మేలు. అదే ఇంజనును 1000 చుట్ల వద్ద నడిపితే గాలికి ఊపు ఉండదు. పిస్టను పైకి వస్తూ, పీల్చిన మిశ్రమాన్ని తెరిచి ఉన్న కవాటం గుండా వెనక్కి నెట్టివేస్తుంది. ఇంతేకాక, ఒక స్ట్రోకు ముగిసి మరొకటి మొదలయ్యే సంధికాలంలో రెండు కవాటాలూ కొంతసేపు కలిసి తెరిచి ఉంటాయి. అధిక వేగంలో బయటికి దూసుకుపోయే వ్యర్థవాయువు తనవెంట క్రొత్త మిశ్రమాన్ని లాగుతుంది. తక్కువ వేగంలో కాలిన వాయువే ప్రవేశమార్గంలోకి తిరిగి వస్తుంది. అప్పుడు ఇంజను కుదుపుతూ, దగ్గుతూ నడుస్తుంది.

అమెరికాలో కాలిఫోర్నియాలోని యువకులు ఈ పాఠాన్ని అనుభవం మీద నేర్చుకున్నారు. 1920 దశకంలో అక్కడ ఎడ్ విన్‌ఫీల్డ్ అనే యంత్రకారుడు సాధారణ కార్ల ఇంజన్లకు వేగవంతమైన కామ్‌షాఫ్టులను సానబట్టి ఇచ్చేవాడు. ఎండిన సరస్సుల బయళ్ళలో పందాలు నడిపేవారికి అవి ఎంతో ఉపకరించాయి. అటువంటి కామ్‌నే ఊరిలో తిరిగే కారుకు బిగిస్తే, కూడలి దగ్గర ఆగి బయలుదేరటమే కష్టమయ్యేది. మంచి కామ్, చెడ్డ కామ్ అన్నవి లేవు. ఏ పనికి, ఏ వేగానికి అన్నదే ప్రశ్న.

డియెప్‌లో నాలుగు కవాటాలు

మొదటి దశాబ్దాలలో పందెపు కార్లు శక్తిని సిలిండరు పరిమాణం నుండి సంపాదించేవి. 1912 జూన్ నెలలో ఫ్రాన్సులోని డియెప్ పట్టణం వద్ద జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రి పందెంలో ఫియట్ కంపెనీ కార్ల ఇంజన్లు 14 లీటర్లు దాటినవి. వాటికి పోటీగా వచ్చిన ప్యూజో కారు ఇంజను 7.6 లీటర్లే. కాని ఆ ఇంజనులో ఒక క్రొత్త అమరిక ఉన్నది. ప్రతి సిలిండరుకు నాలుగు కవాటాలు. వాటిని నడపటానికి సిలిండరు హెడ్డుపైన రెండు కామ్‌షాఫ్టులు. స్విట్జర్లాండు దేశీయుడు ఎర్నెస్ట్ హెన్రీ, జార్జి బ్వాలో, జ్యూల్ గూ, పాలో జుకారెల్లి అనే ముగ్గురు డ్రైవర్లతో కలిసి దీనిని రూపొందించాడు. రెండు రోజులపాటు, 1500 కిలోమీటర్లకు పైగా సాగిన ఆ పందెంలో బ్వాలో నడిపిన ప్యూజో, రెండవదిగా వచ్చిన ఫియట్ కంటె సుమారు 13 నిమిషాలు ముందుగా గమ్యం చేరింది. మరుసటి సంవత్సరం గూ అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 500 మైళ్ళ పందెం గెలిచాడు.

నాలుగు కవాటాలవల్ల లాభమేమిటో విద్యార్థులు సులభంగా లెక్కకట్టవచ్చు. కవాటం పైకి లేచినప్పుడు గాలి దాని అంచు చుట్టూ ఉన్న సందులోనుండి పోతుంది. ఆ సందు వైశాల్యం కవాటం చుట్టుకొలతను అది లేచిన ఎత్తుతో గుణిస్తే వస్తుంది. 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక కవాటం బదులు 32 మిల్లీమీటర్ల కవాటాలు రెండు పెట్టితే, అదే ఎత్తుకు సందు వైశాల్యం 60 శాతం పెరుగుతుంది. మరొక లాభం బరువులో ఉన్నది. ఒకే పోలికలో తయారైన వస్తువుల బరువు వాటి కొలత ఘనాన్ని అనుసరిస్తుంది. కాబట్టి చిన్న కవాటం బరువు పెద్దదానిలో సుమారు సగమే. తేలిక కవాటాన్ని స్ప్రింగు త్వరగా వెనక్కి తేగలదు. ఇంజను మరింత వేగంగా తిరగగలదు. కామ్‌షాఫ్టు హెడ్డు మీదనే ఉండటంచేత నడుమ పొడుగాటి పుష్‌రాడ్డులు, వాటి వంపు, వాటి బరువు కూడా తప్పినవి.

ఇంత మంచి అమరికను అందరూ శాశ్వతంగా అనుసరించి ఉంటారని అనుకోవచ్చు. అట్లా జరగలేదు. 1920 దశకం నుండి చాలామంది నిర్మాతలు అర్ధగోళాకారపు దహనకోష్ఠంలో ఎదురెదురుగా బాగా ఏటవాలుగా అమర్చిన రెండు పెద్ద కవాటాల వైపు మళ్ళారు. నిర్మాణం సులువు. పైగా 1923లో ఇటలీలోని మోంజాలో సూపర్‌చార్జరు గల ఫియట్ గ్రాండ్ ప్రి గెలిచినది మొదలు, గాలిని పంపుతో బలవంతంగా లోపలికి నెట్టే పద్ధతి వ్యాపించింది. పంపు నెట్టుతున్నప్పుడు ద్వారం కొంచెం ఇరుకైనా పెద్ద లోటుగా కనిపించలేదు.

కొలత వచ్చిన తరువాత

గాలి ఏ దారిన సులభంగా పోతుందో కంటికి కనపడదు. చాలాకాలం ఇంజనీర్లు వాయుమార్గాలను ఊహమీదనే మలిచేవారు. నున్నగా రుద్దటం, పెద్దవి చేయటమే మెరుగు అనుకొనేవారు. ఇంగ్లండుకు చెందిన హారీ వెస్లేక్ (1897-1978) దీనిని కొలతకు లొంగే విషయంగా మార్చినవారిలో ముఖ్యుడు. అతని పద్ధతి సరళమైనది. సిలిండరు హెడ్డును ఒక బల్లపై బిగించి, పంపు సహాయంతో నిలకడ అయిన పీడనభేదాన్ని కల్పించి, కవాటాన్ని కొద్దికొద్దిగా ఎత్తుతూ ఒక్కొక్క ఎత్తువద్ద ఎంత గాలి పోతున్నదో కొలుస్తారు. తరువాత మార్గం వంపును కొంచెం మార్చి మళ్ళీ కొలుస్తారు. రంధ్రాన్ని పెద్దది చేసినంత మాత్రాన ప్రవాహం పెరగదనీ, గాలి మలుపు తిరిగేచోట, కవాటం పీట దగ్గర ఉండే ఆకారమే ముఖ్యమనీ ఇటువంటి కొలతలవలన స్పష్టమైనది.

1935లో ఎస్.ఎస్. కార్ల సంస్థ అధిపతి విలియం లయన్స్ తన ఆరు సిలిండర్ల ఇంజనుకు వెస్లేక్ చేత క్రొత్త హెడ్డు చేయించాడు. ప్రక్కన ఉండే కవాటాలు పైకి వచ్చినవి. దాదాపు 70 ఉన్న అశ్వశక్తి 100 దాటింది. క్రింది సిలిండరు పరిమాణం మారలేదు. మారినది ఊపిరి మాత్రమే. ఆ సంస్థే తరువాత జాగ్వార్ అయినది. 1948లో లండన్ ప్రదర్శనలో అది చూపిన ఎక్స్.కె. ఇంజనుకు విలియం హేన్స్, వాల్టర్ హాసన్, క్లాడ్ బెయిలీ రూపకల్పన చేయగా, హెడ్డులోని వాయుమార్గాలను వెస్లేక్ మలిచాడు. 3442 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజను 160 అశ్వశక్తినిచ్చింది. 1951 నుండి 1957 వరకు ఆ వంశపు ఇంజన్లు ఫ్రాన్సులోని లెమాన్ 24 గంటల పందాన్ని అయిదుసార్లు గెలిచాయి. 1992 వరకు ఆ ఇంజను తయారవుతూనే ఉన్నది.

ఇంజను పీల్పుకు ఒక హద్దు ఉన్నదని కూడా కొలతలే చెప్పాయి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఛార్లెస్ ఫాయెట్ టేలర్, అతని సహచరులు జరిపిన పరిశోధనల ప్రకారం, కవాటం గుండా పోయే గాలి సగటు వేగం ధ్వనివేగంలో సుమారు 0.6 వంతు దాటితే సిలిండరు నిండటం వేగంగా తగ్గిపోతుంది. అనగా ఇరుకు ద్వారం గుండా ఎంత గట్టిగా పీల్చినా ప్రయోజనం లేదు. మరొకవైపు ద్వారం మరీ పెద్దదైతే గాలి మందగించి, దాని ఊపు పోతుంది.

ధ్వనికి ఇందులో మరొక పాత్ర కూడా కలదు. ప్రవేశ కవాటం తెరుచుకున్నప్పుడు కలిగే అల్పపీడనం ఒక అలగా ప్రవేశనాళంలో వెనక్కి ప్రయాణం చేస్తుంది. నాళం తెరిచిన కొస చేరగానే అది అధికపీడనపు అలగా మారి తిరిగి వస్తుంది. కవాటం మూసుకోబోయే ముందు ఆ అల చేరుకుంటే అదనపు గాలి లోపలికి నెట్టబడుతుంది. పంపు లేకుండానే పంపు చేసే పని కొంత జరుగుతుంది. 1960లో క్రైస్లర్ సంస్థ తన 300-ఎఫ్ కారులో 30 అంగుళాల పొడవైన ప్రవేశనాళాలను అమర్చింది. ధ్వనివేగం సెకనుకు 340 మీటర్లు అనుకుంటే, ఆ నాళంలో అల పోయి రావటానికి సుమారు 4.5 మిల్లీసెకన్లు పడుతుంది. మధ్యరకం వేగాలలో ఈ పొడవు బాగా ఉపకరించింది. అదే ఇంజనును అధిక వేగానికి సిద్ధం చేసినప్పుడు నాళం పొడవును తగ్గించవలసి వచ్చింది. కామ్ వలెనే నాళం కూడా ఒక వేగాన్ని ఎన్నుకొని మరొక వేగాన్ని వదులుకుంటుంది.

స్ప్రింగు ఓడిపోయిన చోట

గాలి చేరినా కవాటం సమయానికి మూసుకోకపోతే లాభం లేదు. కవాటాన్ని వెనక్కి తెచ్చే స్ప్రింగుకు కావలసిన బలం వేగవర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఇంజను వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లు కావాలి. అది చాలకపోతే కవాటం కామ్‌ను విడిచి గాలిలో తేలుతుంది. పైకి వచ్చే పిస్టను దానిని ఢీకొంటే ఇంజను క్షణంలో ముక్కలవుతుంది. స్ప్రింగు బలంగానే ఉన్నా, కామ్ తాకిడి దాని సహజ కంపనంతో అనునాదం పొందితే చుట్టలు అలలుగా ఊగి విరిగిపోతాయి. కామ్ ఉబ్బును మరీ నిట్టనిలువుగా చేయలేకపోవటానికి కారణం ఇదే.

1954లో మెర్సిడెస్ కంపెనీ స్ప్రింగునే తొలగించి చూచింది. దాని రెండున్నర లీటర్ల ఇంజనులో ఒక కామ్ కవాటాన్ని తెరుస్తుంది, మరొక కామ్ దానిని మూస్తుంది. ఆ సంవత్సరం జూలై 4న రీమ్స్ పట్టణంలో జరిగిన తొలి పందెంలోనే ఫాంజియో ఆ కారుతో గెలిచాడు. ఇటలీలో ఫాబియో టాలియోనీ 1956లో ఇదే సూత్రాన్ని డుకాటి మోటారు సైకిలుకు అన్వయించాడు. కాని ఈ పద్ధతికి ఎంతో సూక్ష్మమైన తయారీ, సరిచూపు కావాలి. కార్ల ప్రపంచంలో అది వ్యాపించలేదు.

స్ప్రింగును తొలగించే బదులు దాని భారాన్నే తగ్గించే దారిని జపానుకు చెందిన హోండా సంస్థ చూపింది. 1961లో దాని నాలుగు కవాటాల చిన్న మోటారు సైకిళ్ళు 125, 250 సి.సి. తరగతులలో ప్రపంచ విజేతలైనవి. 1966 నాటి 250 సి.సి. యంత్రంలో ఆరు సిలిండర్లు, 24 కవాటాలు ఉండేవి. ఒక్కొక్క సిలిండరు చిన్న టీ కప్పు కంటె చిన్నది. ఇంజను నిమిషానికి 18,000 చుట్లు తిరిగేది. డియెప్ నాటి అమరిక తిరిగి ప్రాణం పోసుకున్నది.

డక్‌వర్త్ తర్కం

నాలుగు కవాటాలు గాలిని ఎక్కువగా రానిస్తాయన్నది అప్పటికి తెలిసిన విషయమే. అయినా 1960 దశకంలో కొందరు నిర్మాతలు పెద్ద కార్ల ఇంజన్లకు నాలుగు కవాటాలు పెట్టి, ఆశించిన శక్తి రాక నిరాశపడ్డారు. కారణం ఎక్కడ ఉన్నదో గ్రహించినవాడు ఇంగ్లండులోని కీత్ డక్‌వర్త్. 1958లో మైక్ కాస్టిన్‌తో కలిసి అతడు కాస్‌వర్త్ అనే సంస్థను స్థాపించాడు.

కవాటాలను బాగా ఏటవాలుగా అమర్చితే దహనకోష్ఠం లోతైన గిన్నెవలె తయారవుతుంది. మిశ్రమాన్ని తగినంతగా నొక్కటానికి పిస్టను తలను పైకి ఉబ్బించవలసి వస్తుంది. అప్పుడు మిగిలే ఖాళీ బత్తాయి తొక్కవలె పలుచగా, వంకరగా ఉంటుంది. మంట ఆ వంకర సందులో ప్రాకటానికి ఎక్కువసేపు పడుతుంది. చాలా వేడి గోడలకు పోతుంది. గాలి బాగా వచ్చినా మండటం బాగా జరగనందున శక్తి రాదు. మిశ్రమంలోని సుళ్ళు మంటను త్వరపెడతాయని హారీ రికార్డో మొదటి ప్రపంచయుద్ధానంతర కాలంలోనే చూపాడు. బల్లమీద కొలిచిన ప్రవాహం ఒక్కటే ఇంజను శక్తిని చెప్పదన్న మాట.

డక్‌వర్త్ కవాటాల నడుమ కోణాన్ని బాగా తగ్గించాడు. 1966 నాటి అతని నాలుగు సిలిండర్ల ఇంజనులో ఈ కోణం 40 డిగ్రీలు. 1967 నాటి డి.ఎఫ్.వి. అనే ఎనిమిది సిలిండర్ల ఇంజనులో 32 డిగ్రీలు. (జాగ్వార్ ఎక్స్.కె.లో అది 70 డిగ్రీలు.) అందువలన పిస్టను తల దాదాపు చదునుగా ఉండగలిగింది. దహనకోష్ఠం చిన్న ఇంటికప్పు ఆకారంలో, నడుమ స్పార్కుప్లగ్గుతో, పొందికగా అమరింది. వాయుమార్గాలు పెద్ద మలుపులు లేకుండా నిటారుగా క్రిందికి దిగాయి. అట్లా దిగిన గాలి సిలిండరులో పీపా దొర్లినట్లు దొర్లి, మంట త్వరగా వ్యాపించటానికి తోడ్పడిందని తరువాత అర్థమైనది. మూడు లీటర్ల ఆ ఇంజను నిమిషానికి 9000 చుట్ల వద్ద 400 అశ్వశక్తికి పైగా ఇచ్చింది.

1967 జూన్ 4న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో అది మొదటిసారి పందానికి దిగింది. రెండు లోటస్ కార్లు ఆ ఇంజనుతో బయలుదేరాయి. అందరికంటె ముందు నిలిచిన గ్రాహం హిల్ కారు పదకొండవ చుట్టుకే ఆగిపోయింది. కామ్‌షాఫ్టులను నడిపే పళ్ళచక్రాలు దెబ్బతిన్నాయి. రెండవ కారులో జిమ్ క్లార్క్ గెలిచాడు. గెలుపు గొప్పదే కాని, పళ్ళచక్రాల సమస్య మిగిలింది. కామ్‌షాఫ్టు సమంగా తిరగదు. కవాటాన్ని తెరిచేటప్పుడు స్ప్రింగు దానిని వెనక్కి పట్టుతుంది. మూసేటప్పుడు ముందుకు తోస్తుంది. ఈ తోపులు, లాగుళ్ళు క్రాంకుషాఫ్టు మెలి కంపనాలతో కలిసి చక్రాల పళ్ళను సమ్మెటవలె కొట్టేవి. ఆ తరువాత డక్‌వర్త్ చక్రాల నడుమ సన్నని ఉక్కు మెలికడ్డీలను అమర్చి, ఆ దెబ్బలను అవి ఇముడ్చుకొనేటట్లు చేశాడు. 1983 వరకు ఆ ఇంజను, దాని రూపాంతరం కలిసి 155 ప్రపంచ ఛాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రి పందాలను గెలిచాయి. నాలుగు కవాటాలు, చిన్న కోణం, చదునైన పిస్టను అనే మూడు లక్షణాలు క్రమంగా సాధారణ కార్లకు కూడా చేరాయి.

మారగల కామ్

ఇంత చేసినా పాత చిక్కు ఒకటి విడలేదు. ఉక్కులో ఒకసారి చెక్కిన కామ్ ఒక్క వేగానికే సరిగా సరిపోతుంది. 1980లో ఆల్ఫా రోమియో సంస్థ తన స్పైడర్ కారులో కామ్‌షాఫ్టును, ఇంజను నడుస్తుండగానే, కొన్ని డిగ్రీలు ముందువెనుకలకు త్రిప్పే ఏర్పాటు చేసింది. 1989లో హోండా ఇంటెగ్రా కారులో మరొక అడుగు పడింది. ఇందులో ఒక జత కవాటాలకు మూడు కామ్‌లుంటాయి. ప్రక్కనున్న రెండూ తక్కువ వేగానికి, నడిమిది అధిక వేగానికి. వేగం పెరగగానే నూనె పీడనం చిన్న కీలును నెట్టి మూడు మీటలను ఒకటిగా బిగిస్తుంది. అప్పటి నుండి పెద్ద కామ్ మాటే చెల్లుతుంది. 1.6 లీటర్ల ఆ ఇంజను 160 అశ్వశక్తినిచ్చింది, అనగా లీటరుకు 100. అయినా అది ఊరిలో సాధువుగానే నడిచేది. 2001లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ కవాటం లేచే ఎత్తునే మార్చగల యంత్రాంగాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. పందెపు కార్లలో 1986లో రెనో సంస్థ ఉక్కు స్ప్రింగుల బదులు పీడనవాయువును వాడింది. ఆ పద్ధతిలోనే తరువాతి ఇంజన్లు 20,000 చుట్లను అందుకొన్నాయి.

ఇన్ని మార్పులలోనూ మొదటి ప్రశ్న మాత్రం మారలేదు. దుక్కి దున్నే ట్రాక్టరుకు తక్కువ వేగంలో బలం కావాలి. దాని ప్రవేశ కవాటం త్వరగా మూసుకోవాలి. పందెపు కారుకు అధిక వేగంలో గాలి కావాలి. దాని కవాటం ఆలస్యంగా మూసుకోవాలి. ఒకదాని కామ్‌ను మరొకదానికి బిగిస్తే రెండూ పాడవుతాయి. ఇంజను ఏ వేగంలో ఎక్కువకాలం పనిచేస్తుందో ముందు నిర్ణయించి, దానికి తగిన కవాటాలను, వాయుమార్గాన్ని, నాళం పొడవును, చివరకు కామ్ ఆకారాన్ని కలిపి ఎన్నుకోవటమే ఈ విద్యలో మొదటి మెట్టు. డియెప్‌లో 14 లీటర్ల ఇంజను మీద సుమారు సగం పరిమాణం గల ఇంజను గెలవటానికి, అర్ధశతాబ్దం తరువాత 32 డిగ్రీల కోణం జాండ్‌వోర్ట్‌లో నెగ్గటానికి కారణం అటువంటి పొందికే.